అసంపూర్ణ వస్తువు విక్రయం: ప్రతిరూప మోటారు కారు సమస్య

క్రయవిక్రయాలను గురించి ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు (ఫుఖహా) చేసిన సుదీర్ఘ చర్చలకు మూలం ఒక చిన్న ప్రశ్న. అమ్మేవాడు ఏమి ఇస్తున్నాడో, కొనేవాడు ఏమి పుచ్చుకుంటున్నాడో ఇద్దరికీ సమానంగా తెలుసునా? తెలిసినచోట బేరం ఎంత పెద్దదైనా చిక్కు లేదు. తెలియనిచోట బేరం ఎంత చిన్నదైనా తగవుకు దారితీస్తుంది. తగవుకు మూలమైన ఈ అస్పష్టతకే వారు ‘గరర్’ అని పేరు పెట్టారు.

పూర్తయిన వస్తువు విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం సులభం. సగం తయారై ఆగిపోయిన వస్తువు విషయంలో అంత సులభం కాదు. అందులో అంతవరకు పడిన శ్రమ ఉంటుంది, ఇకముందు పడవలసిన శ్రమ ఉంటుంది. మొదటిది అమ్మేవానికి తెలుసు. రెండవది కొనేవాని నెత్తిన పడుతుంది. ఆ వస్తువు మరొక ప్రసిద్ధ వస్తువును పోలి తయారవుతున్న ప్రతిరూపమైతే చిక్కు రెట్టింపవుతుంది. పేరుగాంచిన ఖరీదైన రేసుకారును పోలిన కారు కట్టడం మొదలుపెట్టి, పూర్తి చేయలేక అమ్మజూపడం ఇటువంటి వ్యవహారమే. ఇది నేటి కాలపు సమస్య అయినా, దీనిని తేల్చడానికి కావలసిన సూత్రాలు పాత గ్రంథాలలోనే ఉన్నాయి.

నీటిలోని చేప, ఒడ్డున ఉన్న దోనె

గరర్ అంటే ఏమిటో కొల్లేటి ప్రాంతం వారికి విడమరచి చెప్పవలసిన పని లేదు. కొల్లేటికోట వంటి లంక గ్రామంలో గట్టున నిలబడి ఒకడు నీటివైపు చేయి చూపి, “ఈ నీటిలో ఉన్న కొర్రమేను అంతా నీకు ఇంతకు అమ్మాను” అన్నాడనుకుందాం. ఎన్ని చేపలున్నవో అతనికి తెలియదు. అవి అతని సొత్తు కూడా కావు. వలలోనో మావులోనో పడేవరకు అవి ఎవరివీ కావు. నీటిలోని చేపను కొనవద్దనే హితవు హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె మస్ఊద్ (రజి) ద్వారా వచ్చింది. దానిని దైవప్రవక్త (స) మాటగా కొందరు, ఆ సహచరుని సొంత మాటగా మరికొందరు హదీసువేత్తలు ఎంచినప్పటికీ, అందులోని ధర్మాన్ని అందరూ అంగీకరించారు. హనఫీ గ్రంథమైన ‘హిదాయా’ ఇక్కడ ఒక వివరణ కూడా ఇచ్చింది. పట్టిన చేపను చిన్న మడుగులో విడిచి, వల అవసరం లేకుండా చేతితో తీయగల స్థితిలో ఉంచితే దానిని అమ్మవచ్చును. అంటే అభ్యంతరం చేప నీటిలో ఉన్నందుకు కాదు, అది చేతికి దక్కుతుందో లేదో తెలియనందుకు.

ఇదే గట్టు మీద మరొక దృశ్యం. తాటిమాను మొదలు తొలిచి దోనె చేసేవాడు సగం తొలిచి పని ఆపివేశాడు. మాను అతనిది, కంటి ముందు ఉన్నది. ఎంత లోతు తొలిచాడో, అంచు ఎంత మందం మిగిలిందో, ఎక్కడ పగులు ఉన్నదో చేతితో తడిమి చూడవచ్చును. దీనిని “సగం తొలిచిన తాటిమాను” అని అమ్మితే ఏ ఆక్షేపణా లేదు. “దోనె” అని అమ్మితేనే ఆక్షేపణ.

ఈ రెండింటి తారతమ్యంలోనే మన సమస్యకు తాళపుచెవి ఉన్నది. చేప తెలియనిది, దోనె తెలిసినదే, పూర్తి కానిది మాత్రమే. కనుక అసంపూర్ణత తనంతట తాను దోషం కాదు. అసంపూర్ణతను దాచడం, లేదా దానికి పూర్తయిన వస్తువు పేరు పెట్టడం దోషం.

కిట్ కారు స్వరూపం

కారు భాగాలను విడివిడిగా కొని ఇంటివద్దనే బిగించుకొనే పద్ధతి బ్రిటన్‌లో బాగా వ్యాపించింది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పూర్తయిన కారుపై ఉన్న కొనుగోలు పన్ను విడిభాగాల సెట్టుపై లేకపోవడం దాని ఆదరణకు ఒక కారణం. 1973లో పన్ను విధానం మారడంతో ఆ లాభం పోయింది. అమెరికాలో వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు అడుగుభాగంపై కొత్త ఫైబర్‌గ్లాస్ తొడుగు బిగించడం 1960లలో విరివిగా జరిగింది. ఆ తరువాత ఫెరారీ, లంబోర్గినీ వంటి కార్ల ఆకారాలను సాధారణమైన కార్లపై దింపే పని మొదలయింది. 1974 నుండి 1990 వరకు తయారైన లంబోర్గినీ కౌంటాష్ కార్లు మొత్తం మీద సుమారు రెండు వేలు మాత్రమే. కోరేవారు ఎక్కువ, కార్లు తక్కువ కావడం వల్ల ప్రతిరూపాలకు గిరాకీ ఏర్పడింది. మన దేశంలోనూ పాత మారుతి కార్లను ఇటువంటి ఆకారాలకు మార్చిన మెకానిక్కుల ఉదంతాలు పత్రికలకెక్కాయి.

ఇట్టి కారులో ఛాసిస్ ఒకచోటిది, ఇంజను మరొక కారుది, తొడుగు ఫైబర్‌గ్లాసుది అయి ఉంటుంది. తొడుగు బిగించి రంగు వేసేసరికి చూసేవానికి కారు పూర్తయినట్లే తోస్తుంది. అసలు శ్రమ అక్కడినుండే మొదలు. తలుపులు సరిగా మూసుకొనేటట్లు సర్దడం, అద్దాలు కుదర్చడం, వైరింగు లాగడం, బ్రేకులు పరీక్షించడం, ఇంజను వేడెక్కకుండా గాలి ఆడేటట్లు చేయడం మిగిలే ఉంటాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. డబ్బు చాలకనో, ఆరోగ్యం సహకరించకనో, ఓపిక నశించో చాలామంది ఈ దశలోనే ఆగిపోతారు.

ఫత్వా గ్రంథాల వాడుక ప్రకారం అమ్మేవానిని జైద్ అని, కొనేవానిని బకర్ అని పిలుద్దాం. జైద్‌కు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక షెడ్డు ఉన్నది. అందులో నాలుగేండ్ల కష్టార్జితం పోసిన కారు సగంలో నిలిచిపోయింది. అతనికి డబ్బు అవసరం. బకర్ అప్పు తెచ్చి కొనదలిచాడు. జైద్ ఏమి చెప్పాలి, బకర్ ఏమి అడగాలి?

పేరు విషయంలో సత్యం

మొదట తేలవలసినది వస్తువు పేరు. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869–1876 మధ్య హనఫీ న్యాయాన్ని క్రోడీకరించిన ‘మజల్లా’ ఈ విషయంలో రెండు స్థితులను విడదీసింది. గాజుముక్కను వజ్రమని అమ్మితే ఆ విక్రయమే చెల్లదు. ఎందుకనగా, చెప్పిన జాతి (జిన్స్) వేరు, ఇచ్చిన జాతి వేరు. రాత్రివేళ ఎర్రని కెంపు అని అమ్మిన రాయి తెల్లవారి పసుపుపచ్చగా కనిపిస్తే విక్రయం చెల్లుతుంది. కాని జాతి అదే అయినా చెప్పిన గుణం (వస్ఫ్) లేదు కనుక, రద్దు చేసుకొనే హక్కు కొనేవానికి కలుగుతుంది. పాడి ఆవు అని అమ్మినది వట్టిపోయినదని తేలినా ఇదే తీర్పు.

ఈ కొలమానంతో చూస్తే, మారుతి ఛాసిస్‌పై కట్టినదానిని జైద్ లంబోర్గినీ అని అమ్మితే అది గాజును వజ్రమనడమే. ప్రతిరూపమని చెప్పి, “ఇంజను కొత్తది” అని అబద్ధమాడితే అది కెంపు రంగు సమస్య. మొదటి సందర్భంలో బేరమే లేదు. రెండవ సందర్భంలో బేరం ఉన్నది, తిరగగొట్టే హక్కు బకర్ చేతిలో ఉన్నది. ప్రతిరూపమని, ఏ కారు ఛాసిస్‌పై కట్టినదో చెప్పి, ఉన్నది ఉన్నట్లు అమ్మితే ఏ చిక్కూ లేదు.

“చూడగానే నకలు అని తెలుస్తుంది గదా, చెప్పడమెందుకు?” అని కొందరు వాదిస్తారు. ఈ వాదం న్యాయస్థానం దాకా వెళ్లిన సందర్భం ఒకటి ఉన్నది. ఫెరారీ కార్ల ఆకారంలో ఫైబర్‌గ్లాస్ తొడుగులు తయారుచేసి అమ్మిన ఒక అమెరికా తయారీదారుపై ఫెరారీ కంపెనీ దావా వేసింది. తన వద్ద కొనేవారికి అది ఫెరారీ కాదని బాగా తెలుసునని అతను వాదించాడు. 1991లో అక్కడి ఆరవ సర్క్యూట్ అప్పీలు కోర్టు దీనిని అంగీకరించలేదు. కొన్నవానికి తెలిసినా, దారిలో చూసేవారు పొరబడతారని, ఆ ఆకారానికి కూడా రక్షణ ఉన్నదని చెప్పింది. ఆ తరువాత అమెరికాలోనే 2015లో చేసిన చట్టం పాతిక సంవత్సరాలకు పైబడిన కార్ల ప్రతిరూపాలను ఏడాదికి 325 వరకు తయారుచేసేందుకు చిన్న తయారీదారులకు వీలు కల్పించింది. అయితే అసలు ఆకారంపై హక్కుగల వారి అనుమతి ఉండాలన్నది.

ధర్మశాస్త్ర దృష్టిలో ఇందులోని సారం ఇది: వస్తువు మొదటి కొనుగోలుదారు వద్దనే ఆగిపోదు. బకర్ రేపు మరొకరికి అమ్ముతాడు. అతను ఎల్లుండి ఇంకొకరికి అమ్ముతాడు. అసలు కంపెనీ గుర్తు తెచ్చి ముక్కుకు తగిలించిన కారు మూడవచేతికి వెళ్లేసరికి జైద్ చెప్పిన నిజం మాసిపోయి, గుర్తు చెప్పే అబద్ధం మాత్రం మిగులుతుంది. కనుక నోటిమాటతో సరిపెట్టక, ఆ గుర్తును తొలగించి, విక్రయ పత్రంలో ‘ప్రతిరూపం’ అనే మాట వ్రాయడం జైద్ బాధ్యత.

కనిపించేది, కనిపించనిది

దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి చొప్పించగా లోపల తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. వాన తగిలిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగి, మోసగించేవాడు తన వర్గంవాడు కాడన్నారు. గమనించవలసినదేమంటే, తడిసిన ధాన్యం అమ్మవద్దని ఆయన అనలేదు. తడిని పైకి తెమ్మన్నారు.

అమ్మకానికి ముందు పశువు పొదుగు పితకకుండా నిలవ ఉంచి, పాలు ఎక్కువ ఇచ్చేదానివలె చూపడాన్ని కూడా హదీసు నిషేధించింది. అట్లా మోసపోయినవానికి తిరిగి ఇచ్చివేసే హక్కు ఇచ్చింది. సంతలో గేదెలు కొన్నవారికి ఈ ఎత్తుగడ కొత్త కాదు. వైరింగు లేని కారుకు తళతళలాడే రంగు వేసి ఎండలో నిలబెట్టడం అదే కోవకు చెందుతుంది. రంగు వేయడం తప్పు కాదు. తుప్పును, అతుకును కప్పడానికి వేయడం తప్పు.

జైద్ మరొక దారి వెదకవచ్చును: “ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాను, ఏ లోపానికీ నాకు పూచీ లేదు” అనవచ్చును. హనఫీ న్యాయం ఈ షరతును గుర్తిస్తుంది. మజల్లా కూడా సకల దోషాలతో సహా కొన్నవానికి తరువాత దావా లేదన్నది. ఇతర మజ్‌హబ్‌ల వారు ఇంత విశాలంగా ఒప్పుకోలేదు. ఇమామ్ మాలిక్ ‘ముఅత్తా’లో ఇందుకు సంబంధించిన ఒక ఉదంతం ఉన్నది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) ఒక బానిసను పూచీ లేదనే షరతుపై 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బున్నదని, దానిని చెప్పలేదని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. అమ్మేనాటికి ఆ జబ్బు తనకు తెలియదని ప్రమాణం చేయమని ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇబ్నె ఉమర్‌ను ఆదేశించారు. ఆయన ప్రమాణానికి ఇష్టపడక, మనిషిని వెనుకకు తీసుకున్నారు. తరువాత అతను కోలుకోగా 1500 దిర్హములకు అమ్ముడయ్యాడు. మనుష్యులను అమ్మిన ఆ కాలం గతించింది. తీర్పులోని న్యాయం నిలిచి ఉన్నది. పూచీ లేదనే షరతు తెలియని లోపానికి రక్షణ. తెలిసి దాచిన లోపానికి అది తెర కారాదు.

పూర్తి చేసి ఇస్తాననే మాట

“డబ్బు ఇవ్వండి, నాలుగు నెలల్లో పూర్తి చేసి ఇస్తాను” అని జైద్ అంటే వ్యవహారం స్వరూపమే మారిపోతుంది. అప్పుడది ఉన్న వస్తువు విక్రయం కాదు, చేయించుకొనే ఒప్పందం (ఇస్తిస్నా). తన వద్ద లేనిదానిని అమ్మవద్దని హదీసు ఉన్నప్పటికీ, జనవాడుకను, అవసరాన్ని గమనించి హనఫీలు దీనిని అనుమతించారు. మజల్లా ఇచ్చిన ఉదాహరణలలో చెప్పులు కుట్టించుకోవడంతో పాటు పడవ కట్టించుకోవడం కూడా ఉన్నది. పడవ పొడవు, వెడల్పు, ఇతర లక్షణాలు నిర్ణయించుకుంటే ఒప్పందం కుదిరినట్లే. తయారైన వస్తువును చూసి వద్దనే హక్కు చేయించుకున్నవానికి ఉన్నదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. చెప్పిన లక్షణాలకు సరిపోతే వద్దనరాదని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం. మజల్లా రెండవదాన్ని స్వీకరించింది. 1992లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా ఈ ఒప్పందం ఇరుపక్షాలకూ కట్టుబాటని నిర్ణయించి, వస్తువు జాతి, రకం, పరిమాణం, గుణాలు, గడువు తేల్చుకోవాలన్నది.

ఇక్కడ మరొక భేదం ఉన్నది. సరుకు తయారీదారుదైతే ఇస్తిస్నా. సరుకు చేయించుకొనేవానిదైతే అది కూలి ఒప్పందం (ఇజారా). లారీ యజమాని ఛాసిస్ కొని విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకొనేటప్పుడు, ఛాసిస్ మేరకు అతను యజమాని. బాడీ మేరకు చేయించుకొనేవాడు. అట్లే బకర్ ఉన్న కారును నేడు కొని, మిగిలిన పనిని జైద్‌కే అప్పగించదలిస్తే రెండు వ్యవహారాలనూ విడివిడిగా తేల్చుకోవడం క్షేమం. తాళం కొంటే తలుపుకు బిగించి ఇవ్వడం వంటి ఆనవాయితీ షరతులను మజల్లా విక్రయంలోనే అంగీకరించింది. కాని నాలుగు నెలల పని తాళం బిగించడం వంటిది కాదు. ఎప్పుడు వస్తుందో తెలియని గేరుబాక్సు పేరు చెప్పి ధర పెంచడం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లే.

రోడ్డు మీదికి వచ్చే హక్కు

కారులో కంటికి కనిపించని అతిపెద్ద లోపం కాగితాలలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనం రోడ్డెక్కరాదు. తయారీదారు తన నమూనా వాహనాన్ని నిర్ణీత సంస్థల చేత పరీక్షింపజేయాలని 1989 కేంద్ర నిబంధనలలోని 126వది చెబుతున్నది. అదే చట్టం 52వ సెక్షన్ తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో ఈ సెక్షన్‌ను గట్టిగానే వర్తింపజేసింది. పాత కారు రిజిస్ట్రేషన్ పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన దాని ఛాసిస్‌పై కట్టిన కొత్త ఆకారానికి అది వర్తించదు.

కనుక బకర్ కొనేది నడిచే కారునా, లేక ప్రదర్శనకు ఉంచుకొనే వస్తువునా అన్నది బేరానికి ముందే తేలాలి. వస్తువు నుండి పొందదలచిన ప్రయోజనాన్ని పోగొట్టేది లోపమని ఫుఖహా నిర్వచించారు. నడపడానికే కొంటున్న బకర్‌కు, రిజిస్ట్రేషన్ కాదని తెలిసిన జైద్ ఆ మాట చెప్పకపోతే, ఇంజను లేదని చెప్పకపోవడంతో సమానం.

ధర, బయానా, నష్టభారం

మన వ్యాపారపు తెలుగులో నగదు, బాకీ, దళారీ అనే మాటలు అరబీ నుండి వచ్చినవే. బయానా కూడా విక్రయమనే అర్థంగల అరబీ ‘బై’ నుండి పుట్టినదే. మాటలతో పాటు వాటి వెనుక ఉన్న నియమాలనూ గుర్తుంచుకోవాలి.

ధర ఇద్దరూ ఒప్పుకున్నంత. జైద్ తాను ఎంత ఖర్చు చేశాడో చెప్పవలసిన నిర్బంధం లేదు. కాని, “నాకు పడినంత ఇవ్వండి చాలు” అంటే అది నమ్మకంపై జరిగే విక్రయమవుతుంది. అప్పుడు లెక్క నిజమై ఉండాలి. ఏ ఖర్చులు కలపవచ్చునో హిదాయా చెప్పింది. రంగువేసినవాని కూలి, రవాణా వంటివి కలపవచ్చును. అయితే “ఇంతకు కొన్నాను” అనరాదు, “నాకు ఇంత పడింది” అనాలి. తన సొంత శ్రమకు కూలి కట్టి అందులో చేర్చరాదు. సగం కట్టిన కారు అమ్మేవారికి ఇది చేదుగా ఉంటుంది. రాత్రులు మేలుకొని చేసిన పనిని లెక్కలో చూపించాలనిపిస్తుంది. శ్రమకు విలువ లేదని దీని అర్థం కాదు. ఆ విలువను బేరమాడి ధరలో పొందవచ్చును. ఖర్చు పేరుతో మాత్రం పొందరాదు. ఇక మోసపుమాట చెప్పి, చరవస్తువులో విలువకు ఇరవయ్యవ వంతు మేరకు నష్టపరచినా మజల్లా దానిని ఘోరమైన నష్టం (గబన్) కిందనే లెక్కించి, రద్దుకు హక్కు ఇచ్చింది.

బయానా ఇచ్చి కొనకపోతే అది అమ్మేవానికి దక్కడాన్ని అధిక సంఖ్యాకులైన ఫుఖహా అంగీకరించలేదు; హంబలీలు అంగీకరించారు. 1993లో ఫిఖహ్ అకాడమీ గడువు నిర్ణయించుకొనే షరతుపై దీనిని అనుమతించింది.

వస్తువు అప్పగించేలోపు అమ్మేవాని వద్ద నశిస్తే నష్టం అతనిదే. మన 1930 సరుకుల విక్రయ చట్టం 21వ సెక్షన్ దీనికి దగ్గరగా వస్తుంది. అప్పగింతకు తగిన స్థితికి తెచ్చే పని అమ్మేవానిపై ఉంటే, ఆ పని పూర్తయి కొనేవానికి తెలియజేసేవరకు యాజమాన్యం మారదన్నది. ఇది పుస్తకాలలోని చర్చ మాత్రమే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. ఆ బుడమేరు నీరు చేరేది కొల్లేటికే. డబ్బు చెల్లించి కారును జైద్ షెడ్డులోనే వదిలిన బకర్‌కు, వరద వచ్చిననాడు కారు ఎవరిదన్న ప్రశ్న మొట్టమొదటిది అవుతుంది.

వ్రాతలో ఉండవలసినవి

వాయిదా వ్యవహారాలను వ్రాసుకోవాలని ఖుర్ఆన్ అల్-బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉన్నది. ఈ బేరంలో పత్రం పెద్దది కానక్కరలేదు. వస్తువు ప్రతిరూపమని, ఏ కారు ఛాసిస్, ఏ కారు ఇంజను అన్నది ఒక వరుస. చేతిలో ఉన్న భాగాల జాబితా ఒక వరుస, లేనివాటి జాబితా మరొక వరుస. తెలిసిన లోపాలు, రిజిస్ట్రేషన్ స్థితి, మిగిలిన పని ఎవరిది, గడువు ఎంత, అప్పగింత ఏనాడు అనేవి తక్కినవి. బకర్ తన వంతుగా, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకొని పగటి వెలుతురులో చూసుకోవాలి. చూసి ఒప్పుకున్న లోపానికి తరువాత తగవు లేదు.

ఇంత చెప్పితే కారుకు ధర తగ్గుతుందని జైద్ భయపడవచ్చును. తగ్గేది కారు ధర కాదు, లేని కారుకు బకర్ మనసులో కట్టుకున్న ధర. ఉన్న కారుకు, ఉన్న స్థితిలో, తెలిసి ఇచ్చిన డబ్బును మరునాడు తిరిగి అడిగేవాడు ఉండడు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, లోపాలు విప్పి చూపితే వారి వ్యవహారంలో శుభం (బరకత్) ఉంటుందని, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ ఇబ్నె హిజామ్ (రజి) ఉల్లేఖనం తెలుపుతున్నది. సగం తొలిచిన తాటిమాను నుండి సగం కట్టిన కారు వరకు ఈ నియమంలో మార్పు లేదు.